ఏడో బల్ల మనిషి

మా కౌంటీ షూటింగ్ రేంజిని ముప్పై ఒక్క ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. అక్కడున్న తొమ్మిది బల్లలూ పాత రైలు దుంగలు కోసి నా చేతులతో చేసినవే. వేట భద్రత పాఠం నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో దుర్భిణి లేకుండా ఉత్త ఇనుప గురితో కౌంటీ పోటీ గెలిచాను. ఆ కప్పు ఇప్పటికీ మా ఆఫీసు కిటికీలో ఉంది. ఇన్నేళ్లలో నా రేంజిలో నేల మీద పడ్డ రక్తం ఒక్కటే, వెండెల్ ఓస్ట్‌బీ శాండ్‌విచ్ కోసుకుంటూ వేలు తెగ్గోసుకున్నప్పటిది.

చదివింది ఎనిమిదో తరగతి దాకా, ఒకే ఒక్క గది ఉన్న పల్లె బడిలో. చేతిరాతకు మా టీచరమ్మ ఏటా నాకే బహుమతి ఇచ్చేది. బల్లల వెనకున్న బోర్డు ఆ చేత్తోనే రాశాను. పైన రెండడుగుల అక్షరాల్లో కౌంటీ పేరు, కింద నియమాలు. అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చేశాక చివర ఒక వరుస కలిపాను: ‘మీ టార్గెట్‌ను ఫొటో తీసుకోండి. మనుషుల్ని కాదు.’ అంతకంటే తేటగా ఎవరూ రాయలేరని ఆరేళ్లు అనుకున్నాను.

ఇప్పుడు రోడా గురించి. ఆమె అసలు పేరు రోడా కాదు, దీనికోసం ఆమే ఎంచుకున్న పేరు. నీ గురించి రాయనా అని అడిగితే, మూడు రోజులు ఆలోచించి, “రాయి వెర్లిన్. జుట్టు రంగు రాయకు, ఊరు రాయకు” అంది. అందుకని ఆమె ముఖం ఈ కాగితం మీద కనపడదు.

నిరుడు చలికాలం చివర మా ఊరొచ్చింది. ఒక వంటింట్లో పని. నాలుగు వందల మందికి దాల్చినచెక్క రొట్టెచుట్టలు చేసే చేతులు ఆమెవి. గురువారం గురువారం రేంజికి వచ్చేది. కారుని ముక్కు రోడ్డు వైపు ఉండేలా వెనక్కి తిప్పి నిలిపేది. ఏడో బల్ల మీద రివాల్వర్ పెట్టుకుని యాభై తూటాలు, ఒక్కొక్కటీ ఊపిరి బిగబట్టి కాల్చేది. ఖాళీ డొప్పలు ఏరి డబ్బాలో వేసి, ఒక రొట్టెచుట్ట నా కిటికీలో పెట్టి వెళ్లిపోయేది. రెండో నెలలో నాతో ఒక్క మాట చెప్పింది. “నా ఫొటో ఎక్కడా పడకూడదు. నన్ను వెతికే మనిషి ఒకడున్నాడు. ఇది మూడో ఊరు. నాలుగోది వెతుక్కునే ఓపిక నాకు లేదు.” అతను ఎవరని నేను అడగలేదు. వాడికీ తుపాకులంటే పిచ్చేనని, ఇంటర్నెట్‌లో అవే చూస్తుంటాడని తనే చెప్పింది.

అక్టోబరులో ఒక గురువారం, గాలి విసురుగా ఉంది. ఆరుగురు వచ్చారు. ఎనిమిదో బల్ల దగ్గర కొత్త మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పేరు బ్రైస్ కోల్టర్. తాతగారి నాటి పిస్టల్ తెచ్చుకున్నాడు. మర్యాదగానే ఉన్నాడు, సంతకం చేశాడు, నియమాలు చదివాడు.

పదకొండింటికి నేను “రేంజి చల్లబడింది” అని అరిచాను. ఆ మాట వినగానే అందరూ తుపాకులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి రావాలి. మళ్లీ “వేడెక్కింది” అనేదాకా ఎవరూ తుపాకి ముట్టుకోకూడదు. ఆ వ్యవధిలో టార్గెట్లు మార్చుకుంటారు. బ్రైస్ పదిహేను గజాలు నడిచి తన కాగితం ఊడదీశాడు. ఐదు కన్నాలూ అంగుళం వెడల్పుండే క్వార్టర్ నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ముచ్చటేసి, కాగితం గుండెకి ఆనించుకుని, ఫోను చాచి తనని తాను ఫొటో తీసుకున్నాడు. టార్గెట్ల వెనకున్న కొండ వైపు తిరిగి. అంటే అతని వెనక మా బల్లలన్నీ ఉన్నాయి.

రోడా నా పక్కకి వచ్చింది. చెవిదొప్పలు, టోపీ చేతిలో ఉన్నాయి.

“వెర్లిన్, ఆ ఫొటోలో నేను పడ్డాను.”

“అంత దూరంలో కనపడతావా?”

“ఈ ఫోన్లలో ఆ గుట్ట మీద జింక కొమ్ములు లెక్కపెట్టొచ్చు. నా వెనక నీ బోర్డు కూడా ఉంది.”

రెండడుగుల అక్షరాలు. కౌంటీ పేరు. నేనే రాశాను. అతను తన టార్గెట్‌నే తీసుకున్నాడు, బోర్డు చెప్పినట్టే.

బ్రైస్ నవ్వుతూ గీత దగ్గరకి వచ్చాడు. “పెద్దాయనా, చూశారా? మధ్యాహ్నం లోపు పెట్టేస్తాను. నలభై వేల మంది చూస్తారు నా పేజీ.”

మా రేంజి లోయలో ఉంది. ఫోనుకి సిగ్నల్ దొరికేది నాలుగు వందల గజాల అవతల, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచిన ఇనుప కడ్డీల దగ్గర. అక్కడికి చేరితే అయిపోయినట్టే.

“బాగా కాల్చావు. ఆ ఫొటో తీసేస్తావా? వెనక మనుషులు పడ్డారు.”

“పడితే ఏమైంది? ఇది ప్రభుత్వ స్థలం. తీసుకోవచ్చని చట్టమే చెప్తోంది.”

“చెప్తోంది. కాదనను.”

“మరి?”

చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది. కానీ ఐదుగురు వింటుండగా అది చెబితే, ఫొటో పెట్టినదానికీ నేను నోరు విప్పినదానికీ తేడా ఏముంటుంది?

అతను భుజాలెగరేసి పిస్టల్ కోసం బల్ల వైపు వచ్చాడు.

“చెయ్యి వెనక్కి తియ్యి బాబూ. రేంజి చల్లగా ఉంది.”

“సర్దుకుని వెళ్లిపోతున్నానండీ.”

“పెట్టెలో పెట్టడానికి కూడా ముట్టుకోకూడదు. రెండో నియమం.”

“అయితే వేడి చేయండి.”

“ఇంకా కాదు.”

వెనక నుంచి వెండెల్ అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం వచ్చి నా ఓపికని పరీక్షించే మనిషి. “వెర్లిన్, నా కాఫీ కూడా చల్లబడిపోయింది. అది కూడా నీ లెక్కలోకేనా?”

“తాగకుండా కూర్చో వెండెల్.”

ఐదు నిమిషాలు గడిచాయి. బ్రైస్ ముఖంలో నవ్వు పోయింది. “సరే, రోడ్డు దాకా నడిచి, ఇది పెట్టేసి వస్తాను” అని బయల్దేరాడు.

“తుపాకి బల్ల మీద వదిలేసి వెళ్లకూడదు. నాలుగో నియమం.”

ఆగి నా వైపు తిరిగాడు. “ముట్టుకోకూడదు, వదిలి వెళ్లకూడదు. ఇదేమన్నా జైలా తాతా?”

ముప్పై ఒక్క ఏళ్లలో రేంజిని నా ఇష్టానికి ఒక్క నిమిషం ఆపలేదు. అధికారం చూపించుకునే ముసలాడని ఎవరూ అనకూడదన్నది నా పంతం. ఇప్పుడు సరిగ్గా అలాగే కనపడుతున్నాను, కారణం చెప్పలేక. పైగా ఇది ఎంతసేపో నిలబడదు. అతను కౌంటీ ఆఫీసుకి ఫిర్యాదు చేస్తే నా తాళాలు లాక్కుంటారు.

అతను ఫోను పైకెత్తాడు. ఎర్ర చుక్క వెలిగింది. “జనం చూడాలి ఇది. మీ పేరేంటి పెద్దాయనా? కారణం ఏంటో దీనికి చెప్పండి.”

కెమెరా నా మీద ఉంది. నా భుజం వెనక రోడా ఉంది. నేను కాస్త పక్కకి జరిగాను. అతనూ జరిగాడు. ఆమె ఊపిరి నా మెడకి తగులుతోంది.

అప్పుడు వెండెల్ లేచాడు. తన మడత కుర్చీ ఎత్తి, గిరుక్కున తిప్పి, కెమెరాకి వీపు పెట్టి కూర్చున్నాడు. రెండో బల్ల ముసలాయన కూడా తిరిగాడు. ఐదో బల్ల దగ్గరి దంపతులు చేతులు కట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్లెవరికీ నేనేమీ చెప్పలేదు. ఆ కారు ముక్కు ఎప్పుడూ రోడ్డు వైపే ఎందుకుంటుందో ఇన్ని గురువారాలు చూసినవాళ్లు, అంతే.

బ్రైస్ ఫోనులో ఇప్పుడు నాలుగు వీపులూ నేనూ ఉన్నాం. ఎర్ర చుక్క ఆరిపోయింది.

“ఏం జరుగుతోంది ఇక్కడ?” గొంతు తగ్గింది.

రోడా నా వెనక నుంచి బయటికి వచ్చింది. తిన్నగా అతని ముందుకెళ్లి నిలబడింది.

“నీ కాగితం బాగుంది. తాతగారి పిస్టలా?”

“అవునండీ. ఆయన పోయి నెలైంది.”

“ఆ ఫొటోలో ఆయన పిస్టల్ లేదు, మేమే ఉన్నాం. ఇటివ్వు, నేను తీస్తాను. కొండ నీ వెనక ఉండాలి.”

అతను ఆమె ముఖం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు.

“ముందే చెప్పొచ్చుగా మేడమ్.”

“చెప్పగలిగితే ఈ పాటికి వెర్లిన్ చెప్పేవాడు.”

అతను ఫోను ఆమెకి చూపిస్తూ ఆ ఫొటో చెరిపాడు. వీడియో చెరిపాడు.

“చెత్తబుట్టలో కూడా” అంది.

“ఏంటండీ?”

“చెరిపినవన్నీ ముప్పై రోజులు ఒక మూల దాక్కుంటాయి. అక్కడ కూడా.”

అక్కడ కూడా చెరిపాడు. ఆమె చేయి చాచింది, అతను ఫోను పెట్టాడు. అప్పుడు నేను రేంజి వేడెక్కిందని అరిచి, అతన్ని పిస్టల్ ఖాళీగా తెరిచి కాగితం పక్కన పట్టుకోమని, గురి కొండ వైపు ఉంచమని చెప్పాను. మిగతావాళ్లెవరూ తూటా ముట్టలేదు. రోడా బల్లల వైపు నిలబడి మూడు ఫొటోలు తీసింది. మూడో దాంట్లో అతని కళ్లు తడిగా ఉన్నాయి. తుడుచుకోమని కూడా అనలేదామె.

అతను వెళ్లాక ఆ రోజు పుస్తకంలో రాయాల్సి వచ్చింది: రేంజి ఇరవై మూడు నిమిషాలు ఆగింది, కారణం ఫలానా అని. వెండెల్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

“ఏం రాస్తున్నావ్?”

“భద్రత.”

“అబద్ధం రాయడం ఇదే మొదలా?”

“ఇది అబద్ధం కాదు.”

వెండెల్ గొణుక్కుంటూ వెళ్లి చల్లారిన కాఫీ తాగేశాడు.

తర్వాతి గురువారం దాకా నాకు సరిగా నిద్ర లేదు. పదింటికే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. పదిన్నర దాటింది, పావు తక్కువ పదకొండయింది. అప్పుడు ఆ కారు కడ్డీల మీద గడగడమని దూకి లోపలికొచ్చింది. ఎప్పటిలాగే వెనక్కి తిప్పి, ముక్కు రోడ్డు వైపు పెట్టి నిలిపింది. దిగి బోర్డు చూసింది.

కౌంటీ పేరు మీద తెల్ల రంగు వేసేశాను. చివరి వరుస చెరిపి కొత్తది రాశాను: ‘ఫొటో తీసుకుంటే మీ వెనక కొండ ఒక్కటే ఉండాలి.’

“అక్షరాలు వంకర పోయాయే” అన్నాడు వెండెల్.

“పోలేదు” అంది రోడా.

ఇది రాసి ఆమెకే ముందు చదవమని ఇచ్చాను. రెండు మాటలు కొట్టేసి తిరిగిచ్చింది. ఆ రెండూ ఇందులో లేవు.