మీరు తినుండ్రి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. భయం కాదు, చిరాకే. చిన్నప్పుడు మా క్వార్టర్స్‌లో కరెంటు పోతే చాలు, అమ్మలక్కలంతా అరుగుల మీద చేరి కొరివి దయ్యాల ముచ్చట్లు మొదలుపెట్టేవారు. నేను లోపల కూర్చొని వాళ్ల నోళ్లు ఎప్పుడు మూతపడతాయా అని చూసేదాన్ని. తర్వాత డాక్టర్ చదివాను. మార్చురీ పక్క గదిలో కూర్చొని పల్లీలు తిన్నాను. అలాంటి మొండిఘటాన్ని కాబట్టే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఎంబీబీఎస్ తర్వాత నాకు కరీంనగర్‌లో ఫిజియాలజీ పీజీ సీటు వచ్చింది. ఒంట్లో ఏ అవయవం ఎలా పనిచేస్తుందో చెప్పే చదువు అది. రోగులుండరు, మందులు రాసేది ఉండదు. "ఏం డాక్టర్‌వి అయితున్నవు బిడ్డా" అని ఎవరైనా అడిగితే వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. మా అవ్వ, అంటే అమ్మ, కూడా చెప్పీ చెప్పీ విసిగి, చివరికి అందరికీ "గుండె డాక్టర్" అనేసింది. ఇప్పటికీ మా వాడలో నేను గుండె డాక్టర్‌నే.

ఆ ఏడు మా డిపార్ట్‌మెంట్‌లో పీజీని నేనొక్కదాన్నే. నాతో చదివినవాళ్లంతా వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్లలో తలమునకలుగా ఉండేవారు. ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతా" అనేవారు, ఆ తర్వాత అనేది వచ్చేది కాదు. పొద్దున ఫస్టియర్ పిల్లలు ప్రాక్టికల్స్‌కి వచ్చి గోల చేసి పోయేవారు. మధ్యాహ్నం నుంచి ఆ పొడుగాటి కారిడార్‌లో నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. క్యాంటీన్‌లో "ఒక చాయ్" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడని రోజులున్నాయి. సీటు వదిలేసి ఇంటికి పోదామని చాలాసార్లు అనుకున్నాను. ఏడుపు కూడా వచ్చేది. ఎవరూ లేరు కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా ఉండేది కాదు.

థీసిస్‌కి నేను ఎంచుకున్న విషయం రిటైరైన బొగ్గుబావి కార్మికుల ఊపిరితిత్తులు. వాళ్లనూ, అదే వయసు రైతులనూ పోల్చి చూడాలి. ఎందుకు ఎంచుకున్నానో వేరే చెప్పక్కర్లేదు. మా బాపు గోదావరిఖనిలో బాయి పని చేశాడు. చివరి ఏళ్లలో రెండు మెట్లెక్కితే ఆయాసం. నేను పీజీలో చేరేలోపే పోయాడు.

ఊపిరి కొలిచే యంత్రాన్ని స్పైరోమీటర్ అంటారు. ముక్కుకి క్లిప్ పెట్టి, గుండెనిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్క ఊపులో ఊదాలి. అక్కడితో అయిపోదు. లోపల ఇంకేమీ మిగల్లేదు అనిపించాక కూడా ఊదుతూనే ఉండాలి. ఆ చివరి కాస్త గాలి దగ్గరే అందరూ ఆగిపోతారు. అందుకే పరీక్ష చేసేవాళ్లు ఎదురుగా నిలబడి "ఊదు ఊదు ఊదు" అని అరవాలి. నాదేమో పీలగొంతు. మా మేడమ్ ఒకసారి తలుపు దగ్గర నిలబడి విని, "ఏంటమ్మా, జోల పాడుతున్నావా?" అని వెళ్లిపోయారు. వచ్చినవాళ్లంతా మధ్యలో ఆపేసేవారు, కొలతలన్నీ పనికిరాకుండా పోయేవి. ఇలాగైతే థీసిస్ లేదు, డిగ్రీ లేదు.

ఉన్నట్టుండి పరిస్థితి మారింది. ఒక వర్షాకాలం నుంచి జనం చివరిదాకా ఊదడం మొదలుపెట్టారు. వరుసగా అన్నీ మంచి కొలతలే. నా గొంతు పెరిగిందనుకున్నాను. మేడమ్ కూడా మెచ్చుకున్నారు. ఆ రోజు నాకు నేనే స్వీటు కొనుక్కొని తిన్నాను.

ఆ రోజుల్లోనే మల్లయ్య కాక వచ్చాడు. రిటైరయ్యాక కరీంనగర్‌లో కూతురి దగ్గర ఉంటున్న బాయి మనిషి. మా బాపును ఎరగడు, వేరే బాయిలో చేశాడు. వచ్చినప్పటి నుంచి నన్ను "నువ్వు", "బిడ్డా" అనే పిలిచాడు. "నువ్వు ఏ ఊరుదానివి? నీకు పెండ్లయిందా?" మా దగ్గర పెద్దవాళ్లు ఆడపిల్లను అలాగే పిలుస్తారు, డాక్టరైనా కలెక్టరైనా. పరీక్ష బాగా చేశాడు. వెళ్తూ వెళ్తూ బల్ల మీద నా టిఫిన్ డబ్బా చూసి, "ఆలిశమైంది, మీరు తినుండ్రి ఇగ. పోయొస్త" అన్నాడు.

మీరు అన్నాడని నాకు సంబరమైంది. పరీక్ష చేసేది చూశాక డాక్టర్ననే గౌరవం కలిగిందనుకున్నాను. ఆ డబ్బాలో అన్నం ఒక్కరికి సరిపడానే ఉందని కూడా నాకు తట్టలేదు.

తర్వాత మెట్‌పల్లి వైపు నుంచి గంగారాం అనే పసుపు రైతు వచ్చాడు. చుట్ట, బీడీ అలవాటు లేని గట్టి మనిషి. చివరిదాకా ఊదాడు. అయిపోయాక నా భుజం పక్కనుంచి వెనక్కి చూసి తలూపాడు. బయట బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమెతో నవ్వుతూ అంటున్నాడు, "ఇద్దరు గూడి నా పానం తీసిండ్రే."

నేను గడపలోంచే సరిదిద్దాను. "ఒక్కదాన్నే కదా కాకా."

"మరి గా పెద్దమనిషి? నీ ఎన్క కూసున్నడు?"

వెనక్కి తిరిగి చూశాను. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పడుతోంది. గదికి ఒకటే తలుపు, అందులో నేనే నిలబడి ఉన్నాను. నా కుర్చీ వెనక ఇనుప బీరువా, రెంటికీ నడుమ మనిషి కుర్చీ వేసుకునేంత చోటు లేదు. ఆ పెద్దమనిషి ఏమైనా అన్నాడా అని అడిగాను.

"అన్నడు. 'కడుపుల దాసుకోకు, ఇంకున్నది' అన్నడు. నాకు నవ్వొచ్చింది. గందుకే కొసదాక ఊదిన."

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు క్వార్టర్ ముందు బొగ్గుల పొయ్యి రాజేసే పని నాది. గొట్టంతో ఊదుతుంటే పొగకి కళ్లు మండి మధ్యలో ఆపేసేదాన్ని. బాపు నా వెనక కూర్చొని ఏడిపించేవాడు. "గింతేనా? కడుపుల దాసుకోకు బిడ్డా, ఇంకున్నది." తర్వాత ఆస్పత్రిలో ఊపిరి కసరత్తుకని ఆయన చేతికి బెలూన్ ఇచ్చినప్పుడు, అదే మాట నేను ఆయనకి తిప్పి చెప్పాను. పడీ పడీ నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. ఆ మాట మా ఇద్దరిదే. అవ్వకి కూడా సరిగ్గా తెలియదు.

సరే, తెలియకుండా నేనే ఆ మాట అని ఉంటాను. అరుపుల్లో నోటికి ఏదొస్తే అది అంటాం. మాటకైతే లెక్క కుదిరింది. మరి మనిషి?

మల్లయ్య కాకకి ఫోన్ చేశాను. జవాబు మనమే అందించేలా ప్రశ్న అడగకూడదని మాకు నేర్పిస్తారు. అందుకే ఒకటే అడిగాను. "కాకా, ఆనాడు గదిలో ఎంతమందిమి ఉన్నం?"

"ముగ్గురం గదా. నేను, నువ్వు, మునికాళ్ల మీద కూసున్నాయన. మీ అటెండర్ గాదా? బాయి మనిషే అనుకున్న నేను. బాయిల కప్పు కిందికున్న కాడ పని చేసినోళ్లు గట్లనే కూసుంటరు, గోడకు ఒరగకుంట."

బాపు ఇంట్లో కుర్చీ ఉన్నా అలాగే కూర్చునేవాడు. ఆనాడు డబ్బా చూసి కాక "మీరు" అన్నది గౌరవానికి కాదు, ఇద్దరమున్నామని. భయం వేయలేదు. ఒళ్లు మండింది. దారిన పోయేవాళ్లందరికీ కనిపించాడు, కన్నకూతురికి కనిపించడా?

మర్నాడు మధ్యాహ్నం తలుపు వేసి, ముక్కుకి క్లిప్ పెట్టుకొని, బీరువాకి వీపు చేసి నేనే ఊదాను. కావాలనే మధ్యలో ఆపేశాను. తిడతాడని. యంత్రం ఒక్కటే కుయ్‌మని, మళ్లీ చేయమని చూపించింది. మళ్లీ ఊదాను, మళ్లీ ఆపాను. వెనక ఏ చప్పుడూ లేదు. అప్పుడు వచ్చిన ఏడుపు మాత్రం సీటు గురించి కాదు.

ఆ రాత్రి అవ్వకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, చిన్నగా అడిగింది. "నా ముచ్చటేమన్న తీసిండా?"

"లేదవ్వా. నాతోనే మాట్లాడలే."

థీసిస్ పూర్తయింది, డిగ్రీ వచ్చింది. సీటు వదిలే ఆలోచన మళ్లీ రాలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడల్లా మూతలో ఒక ముద్ద పక్కకి పెట్టేదాన్ని. నమ్మి కాదు. పెట్టకుండా తినబుద్ధి కాలేదు, అంతే. ఆ ముద్ద ఎప్పుడూ అలాగే ఉండేది, చివరికి నేనే తినేదాన్ని.

ఇప్పుడు ఆదిలాబాద్‌లో పాఠాలు చెబుతున్నాను. స్పైరోమీటర్ పరీక్షలు ఇక్కడా చేస్తాను. ఇక్కడ ఎవరూ ఇంకో మనిషిని చూశామనలేదు. పిల్లలు, తోటివాళ్లు అందరూ నన్ను మీరు అనే అంటారు. అది గౌరవానికని తెలుసు. కానీ పరీక్షకొచ్చిన ముసలాయన ఎవరైనా నన్ను "నువ్వు" అంటూ మొదలుపెడితే, ఆయన లేచి చెప్పులేసుకొని గడప దాటేదాకా నేను ఊపిరి బిగబట్టి వింటాను, పోయేముందు ఏమంటాడోనని.

"పోయొస్త బిడ్డా, నువ్వు తిను" అంటారు అందరూ.