మందు కొట్టని నాలుగు సాళ్లు

పొద్దున బాల్కనీ తలుపు తీయగానే పచ్చిగడ్డి వాసన గుప్పుమంది. మద్రాసు శివారు షోళింగనల్లూరులో, పదకొండో అంతస్తులో రావలసిన వాసన కాదది. చూస్తే, మూలనున్న పాత మట్టికుండీ నున్నగా గొరిగినట్టుంది. నేను చెయ్యి పెట్టకుండా పెరగనిచ్చిన గడ్డి, పాయలాకు, పేరు తెలియని పిచ్చిమొక్కలు ఒక్కటీ లేవు. మా ఇంట్లో పనిచేసే గౌరి పక్కనే నిలబడి చేతులు దులుపుకుంటోంది. "మధ్యాన్నం చుట్టాలొస్తారంటివి గదక్కా. తొళసి, మల్లి అంతా బాగుండాది. ఈ కుండీ ఒక్కటే అసయ్యంగా ఉండాది, పీకేసినా" అంది సంబరంగా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. తిట్టడానికే నోరు తెరిచాను. అంతలో దామోదరం సారు చాలా ఏళ్ల కిందట ఒక చేను గట్టు మీద కూర్చుని అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ ప్రశ్న చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

వ్యవసాయ డిగ్రీ చేతబట్టుకుని గుంటూరు వైపు నుంచి వచ్చి, మద్రాసు చూలైలో ఓ చిన్న కలుపు మందుల కంపెనీలో చేరాను. కింద ఇనుప సామాన్ల కొట్లు, పైన మా రెండు గదులు. చేలల్లో మందు ఎలా పనిచేస్తుందో రైతులకు చూపించే విభాగానికి దామోదరం సారు పెద్ద. పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగాయన. వాళ్ల నాన్నగారు రైలు వర్క్‌షాపులో ఫిట్టరట. ఆయన అరవం కలిసిన తెలుగు విని నాకు నవ్వొచ్చేది. నా మాట విని ఆయన "రేడియో మాట్లాడినట్టుండాదే" అని ఏడిపించేవారు. మొదటి రోజే కుర్చీ చూపించి అడిగారు.

"ఏమ్మా, కలుపుని ఎప్పుడు చంపాల?"

"రెండు మూడు ఆకులు వేసినప్పుడు సార్" అని అప్పజెప్పాను.

"అది కనపడినాక కొట్టే మందుకి. మనది కనపడక ముందు కొట్టేది. విత్తనం ఏసినాక, మొలక పైకి రాకముందు, తడినేల మీద కొట్టాల. గడ్డి మట్టిలో మొలిచేటప్పుడే ఆగిపోతుంది. సరే, నీ మందు బ్రహ్మాండంగా పనిచేసిందనుకో. రైతుకి ఏం కనపడుతుంది?"

"ఏమీ కనపడదు సార్" అన్నాను.

"అదే మన తలరాత" అని పకపకా నవ్వారు. "ఈసారి మా చేన్లో గడ్డే రాలేదు, ఈయన సుమ్మా, ఊరికే, వచ్చి ఏదో చల్లిపోయినాడు అంటారు."

అందుకే ఆయన ఏ చేనులోనైనా నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదిలేసేవారు. తక్కినచోట ఏం జరగకుండా ఆగిందో ఆ నాలుగు సాళ్లే చెప్పాలి. వాటిని సాక్షి సాళ్లు అనేవారు. కంపెనీలో కొందరికి అది చాదస్తంగా ఉండేది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

మందు కొట్టేటప్పుడు ఆయన్ని చూడాలి. భారీ మనిషి, వీపున ట్యాంకు, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచేవారు. మందు పడిన నేల మీద పలచని పొర ఉంటుందనీ, తొక్కితే అది చెదిరి అక్కడ గడ్డి లేస్తుందనీ ఆయన పట్టింపు. ఒకసారి అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ నీళ్ల కాలవలో కూలబడ్డారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కాలవలోనే కూర్చుని, "నవ్వింది చాలు గానీ, పొర తొక్కకుండా వచ్చి చెయ్యియ్యి" అన్నారు. ఆ మందు పసుపు రంగు ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. వాళ్లావిడ సులోచనమ్మగారు ఆయన చొక్కాలు చూసి, ఈ మనిషి పొలానికి పోతాడో పెళ్లిళ్లలో పసుపు దంచడానికి పోతాడో తెలియదని మొత్తుకునేవారు.

ఊత్తుకోట దాటాక కస్తూరమ్మ అనే ఆమె కౌలుకు చేసే చేను ఉండేది. అంతకుముందు పంటకు కూలీలు దొరక్క, వేరుశనగను గడ్డి మింగేసింది. ఊళ్లో పనిచేసే చేతులన్నీ తెల్లారేసరికి ఫ్యాక్టరీ వ్యాన్లు ఎక్కిపోతుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? భూమి ఆసామి మద్రాసులో ఉండేవాడు. ఈసారి కూడా చేను గడ్డిపాలైతే కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తానని తేల్చి చెప్పాడు. ఆ చేను పోతే ఆమెకూ ఆమె కూతురికీ వేరే ఆధారం లేదు. సారు ఆ చేనే ఎంచుకున్నారు. విత్తిన మర్నాడు, వాన తడి ఆరకముందే మందు కొట్టి, దారి పక్కన నాలుగు సాళ్లు వదిలారు.

"దావ పక్కనా సార్?" అంది కస్తూరమ్మ. "వొచ్చేపోయేవోళ్లు నన్నేమనుకుంటారు? సోమరిది అనుకోరా?"

"అందరూ చూడాలనే గదమ్మా ఈడ పెట్టింది" అన్నారు సారు.

ఆమె తలూపింది గానీ, ఆ నాలుగు సాళ్లు ఆమె కంట్లో నలుసులా ఉండిపోయాయని మాకు తెలియలేదు. చేను ఏపుగా పెరిగాక, చూపించడానికి ఒక రోజు పెట్టుకున్నాం. చుట్టుపక్కల రైతులు, మా బ్రాంచి మేనేజరు, ఆసామి అందరూ వచ్చారు. చేను ముందు ముగ్గు, పందిరి, కుండల్లో మజ్జిగ. దారి పక్క సాళ్ల దగ్గరికి పరుగెత్తాను. ఒక్క గడ్డిపరక లేదు. తల్లీకూతుళ్లు తెల్లవారుజాము నుంచి కూర్చుని శుభ్రంగా పీకేశారు.

"ఇంతమంది పెద్దోళ్లు వొస్తా ఉంటే వాకిట్లో పెంట పెట్టుకుంటామా సార్?" అంది కస్తూరమ్మ, మెప్పు కోసం చూస్తూ.

మేనేజరు ముఖం మాడిపోయింది. ఆసామి చేను చుట్టూ తిరిగి వచ్చి పెదవి విరిచాడు. "ఈసారి గడ్డి పుట్టలేదు, అంతే. దీంట్లో మందు ఏముండాది, ఈమె గొప్పేముండాది? వచ్చే పంటకి గడ్డి పుడితే మళ్లీ అదే కథ. నేను వేరేవోళ్లకి మాటిచ్చేస్తా" అన్నాడు. తాను చేసిందేమిటో కస్తూరమ్మకు అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె మీదికి గయ్యిమనబోయాను. సారు నా వైపు ఒక్కచూపు చూసి, గట్టు మీద కూర్చుని, ఇంట్లో మనిషిని అడిగినట్టు మెల్లగా అడిగారు.

"కస్తూరమ్మా, పీకిన గడ్డి ఏడ?"

"దొడ్లో ఏసినా సార్... ఆవుకని."

సారు లేచి దొడ్లోకి నడిచారు. ఆయన ఒక మోపు ఎత్తుకున్నారు, కస్తూరమ్మ ఒకటి, కూతురు ఒకటి, నేనొకటి. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చాం. ఆ నాలుగు సాళ్ల మీదే పరిస్తే గడ్డి పట్టలేదు, దారి మీదికి పొర్లింది. "అయ్యా, ఈ కాస్త నేలలో పుట్టింది ఇది. తక్కిన చేన్లో ఎంత పుట్టాలో మీరే అనుకోండి" అన్నారు సారు ఆసామితో.

"ఆవు తిన్నది పోగా!" అన్నాడు వెనక నుంచి ఒక రైతు. అందరూ నవ్వారు. ఆసామి ఆ గడ్డినీ, అవతల నల్లగా కమ్ముకున్న వేరుశనగనీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు సారు, మేనేజరు గతుక్కుమనేలా ఇంకో మాట కూడా అన్నారు. "తుంగగడ్డి మాత్రం ఈ మందుకి చావదు. అది చేత్తోనే తీయాల. ఆ పని ఈమె ఎట్లా చేస్తుందో ఈ సాళ్లు చూస్తే తెలీడం లేదా?" ఆసామి కాసేపు గొణుక్కుని, "సరే, చేను నువ్వే పెట్టుకో కస్తూరీ" అన్నాడు. ఆమె సారుకు దండం పెట్టబోతే ఆయన మజ్జిగ అడిగారు.

తిరిగి వస్తుంటే, మీకు కోపం రాలేదా సార్ అని అడిగాను. "ఎందుకమ్మా? మనం వస్తా ఉండామని ఇల్లు ఊడ్చుకునింది, అంతే గదా. ముందు అడగాల. తిట్టేది యాడికి పోతుంది, తర్వాత కూడా తిట్టొచ్చు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఎవరినైనా తిట్టగా నేను చూడలేదు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ చెప్పలేదు. బహుశా తెలిసే ఉంటుంది.

రిటైరయ్యాక పెరంబూరు మిద్దె మీద కుండీల్లో ఆకుకూరలు పెంచేవారు. అక్కడా ఒక కుండీని దాని మానాన వదిలేశారు. ఆయన చనిపోయాక పలకరించడానికి వెళ్తే, సులోచనమ్మగారు ఆ కుండీ దగ్గరికి తీసుకెళ్లారు. "ఇది ఆయన పిచ్చి. పారేసేదానికి నాకు చేతులు రావడం లేదు. నువ్వు తీసకపో తల్లీ" అన్నారు. క్యాబ్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి ఆ గడ్డిని దారంతా వింతగా చూశాడు.

ఇప్పుడు ఆ కుండీనే బోడి చేసిన గౌరి నా ముఖం చూసి భయపడింది. "పీకిన గడ్డి ఏడ గౌరీ?" అన్నాను. నా నోట తన యాస విని ఫక్కున నవ్వి, తలుపు పక్కనున్న సంచీ చూపించింది. "మా ఇంటికాడ మేక ఉండాదక్కా, దానికి." తీసుకెళ్లమన్నాను. ఆమె సంచీ కట్టుకుంటుంటే నేను చెంబుతో నీళ్లు తెచ్చి కుండీలో నెమ్మదిగా పోశాను.

"ఏమీ లేని కుండీకి నీళ్లెందుకక్కా?" అంది.

"ఏమీ లేదని ఎవరు చెప్పారు?" అన్నాను.