ఇసుక ఊడ్చే హిల్డింగ్

హిల్డింగ్‌కి ఇసుకంటే పడదు. చలికాలంలో రోడ్డు గడ్డకట్టి అద్దంలా అయిపోతే, జనం జారిపడకుండా మున్సిపాలిటీ వాళ్లు ఇసుక చల్లి వెళ్లేవారు. వాళ్ల లారీ మలుపు తిరగడం ఆలస్యం, డెబ్బై దాటిన హిల్డింగ్ చీపురుతో హాజరు.

“ఇసుకలో నా మంచుబండి నడుస్తుందా?” అనేవాడు. ముందు కుర్చీ, కింద రెండు పొడవాటి ఇనప బద్దలు. వెనక నిలబడి ఒంటికాలితో నేలని తన్నుతూ ఊరంతా దాని మీదే తిరిగేవాడు. ఎవరైనా కాఫీకి పిలిస్తే, బన్ను మీది చక్కెరని కూడా అనుమానంగా చూసి దులిపి మరీ తినేవాడు.

“నీ అద్దం మీద నా నడుం విరిగిందయ్యా!” అని పక్కింటి మైకెన్ మొత్తుకునేది.

“నిన్ను నడవమన్నదెవరు? బండి కొనుక్కో!”

అదే వీధిలో ఉండే గున్‌బోర్గ్‌కి ఆ ఏడు నవ్వే ఓపిక లేదు. ఆకులు రాలేవేళ భర్త సిక్‌స్టెన్ పోయాడు. వెనకే తనకి తుంటి ఆపరేషన్. రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టుకోవడం, వాటిని తినడానికి బద్ధకించడం, రోజంతా ఇదే. కానీ క్రిస్మస్ ముందురోజు ఊళ్లో అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తారు. సిక్‌స్టెన్‌కి వెలిగించాల్సింది తనే. శ్మశానం కొండ మీద. కర్ర పట్టుకుని ఎక్కాలంటే ఇసుక ఉండాలని, ఫోన్ చేసి మరీ చల్లించుకుంది.

కోటు తొడుక్కుంటూ కిటికీలోంచి చూస్తే, హిల్డింగ్ ఊడుస్తున్నాడు!

“ఇవాళొక్క రోజు ఆగలేవా?” కిటికీ తెరిచి అరిచింది. “మా ఆయన దగ్గరికి నేనెలా పోను?”

“చలిగాలి లోపలికొస్తుంది తల్లీ, అరవకు. బయటికొచ్చి చూడు.”

గేటు దాకా వచ్చింది. రోడ్డంతా ఊడ్వలేదు. చీపురు వెడల్పున రెండు చారలు, మధ్యలో ఇసుక అలాగే ఉంది. ఆ చారలు మొదలైంది హిల్డింగ్ గేటు దగ్గర కాదు, తన గేటు దగ్గర. కొండ పైదాకా మెరుస్తున్నాయి.

“బద్దలకి నున్నగా ఉండాలి, తన్నే కాలికి పట్టు ఉండాలి,” అన్నాడు రొప్పుతూ. “ఎక్కి కూర్చో.”

“ఇసుక పనికిరాదన్నావుగా?”

“నీ బరువు తలుచుకున్నాక పనికొచ్చింది.”

పైకి చేరేసరికి అతని మొహం బీట్‌రూట్ అయింది. కొవ్వొత్తి వెలిగింది.

“సిక్‌స్టెన్ తాగిన రోజుల్లో అతన్నీ ఇలాగే ఇంటికి తోసుకొచ్చాను,” అన్నాడు హిల్డింగ్. “నీకంటే తేలిక.”

గున్‌బోర్గ్ కళ్లు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. “దిగేటప్పుడు ఆపేదెలా?” అని అడిగేలోపే బండి కదిలిపోయింది.

“అది ఆలోచించలేదు!” అని వెనకనుంచి కేక.

హిల్డింగ్ మడమ ఇసుకలో ఆనించాడు. అయినా బండి గున్‌బోర్గ్ గేటు దాటి, మైకెన్ ఇంటి ముందు మంచుకుప్పలోకి దూరింది. గున్‌బోర్గ్ మెడదాకా మంచులో ఉంది. తుంటికి ఏమీ కాలేదు. నవ్వు మాత్రం ఆగడం లేదు.

“రేపూ ఊడ్చు,” అంది ఎలాగో ఊపిరి తీసుకుని. “కానీ బండి ఆగాలి కదా, మా గేటు దగ్గరి ఇసుక మీద చీపురు పెట్టావో, చేతులు విరగ్గొడతాను!”