చీలిన కొమ్ము

తొంభైలలో ఒకసారి, నిడదవోలు వస్తోందని పైబెర్తు మీది నా పెట్టె లాగితే, ఎదుటి పెద్దాయన సంచి జారిపడింది. అందులోంచి పొట్టేలు కొమ్ము దొర్లింది.

"ఏంటండి ఇది?" అన్నాను.

"మేం యూదులమండి. మా కొత్త సంవత్సరానికి ఊదుతాం. అబ్రహాము కొడుక్కి బదులు బలైన పొట్టేలుకి గుర్తు. ఇది విన్నవాడు తన తప్పు ఒప్పుకోవాలండి" అన్నారాయన, తువ్వాలుతో తుడుస్తూ.

కొమ్ము పొడుగునా సన్నటి చీలిక కనబడింది.

"పగిలిందాండీ?"

ఆయన చీలిక మీద బొటనవేలు అడ్డం పెట్టారు. "పర్లేదండి, పలుకుతుంది. మీరు దిగండి, బండి కదిలిపోద్ది."

చీలిన కొమ్ము ఊదకూడదని ఎన్నో ఏళ్లకు చదివాను. ఆ బొటనవేలే గుర్తొచ్చింది. ఆ రోజు 'తప్పైపోయిందండి' అని ఒక్క మాటైనా అనకుండా దిగిపోయాను.