బసమ్మ పెద్దమ్మ కలిపిన తొక్కు

ఎండాకాలం వచ్చిందంటే మా అపార్టుమెంటు మెట్ల మీదికి ఎవరింటి నుంచో ఆవపిండి ఘాటు వస్తుంది. ముక్కు మండుతుంది, కళ్ళు చెమరుస్తాయి. అయినా నేను కిటికీ మూయను. మొన్న ఆ ఘాటులోనే కింది అంతస్తు సుజాత కనబడి, వాళ్ళమ్మకు రక్త క్యాన్సరని, మాత్రలు వాడుతున్నారని చెప్పింది. “అమ్మను వంటింటి వైపే రానివ్వడం లేదు అమ్మమ్మా, ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు” అంది ఎంతో ప్రేమగా. ప్రేమే, కాదనను. కానీ ఆ మాట వినగానే జహీరాబాదులో మా గల్లీ, ఎదురింటి అరుగు, ఆ అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బసమ్మ పెద్దమ్మ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

అరవైల మొదట్లో నేను ఆ గల్లీకి కొత్త కోడలిగా వెళ్ళాను. బసమ్మ పెద్దమ్మది లింగాయతుల ఇల్లు. మెడలో లింగం, నుదుట విభూతి, నోట సగం తెలుగు, సగం కన్నడం. ఆమె చెయ్యి మంచిదని పేరు. మామిడికాయల కాలం వస్తే ఎవరింట్లో వాళ్ళు ముక్కలు కొట్టుకుని, కారం, ఉప్పు, ఆవపిండి, నూనె సిద్ధం చేసుకునేవాళ్ళు. కలపడం మాత్రం ఆమె చెయ్యే కలపాలి. ఆమె కలిపిన తొక్కుకు బూజు పట్టదని పక్కింటి ఖైరున్నిసా పిన్నితో సహా అందరి నమ్మకం. నాకేమో వంట అంతంతమాత్రం. మా అత్తమ్మ ముందు గరిటె పట్టాలంటేనే జంకేదాన్ని. అది చూసి పెద్దమ్మ ఒకరోజు, “గరిటెకు ఏం తెలుస్తది పిల్లా? ముక్కకు నూనె పట్టిందా లేదా, అరచేతిని అడుగు” అని నా చెయ్యి పట్టుకుని తొక్కు బేసినులో ముంచింది. రాత్రంతా మండింది. కానీ ఆ ఇంట్లో నాకంటూ ఒక పని వచ్చిందన్న ధైర్యం మాత్రం ఆ రోజే కలిగింది.

కొన్నేళ్ళకు ఒక చలికాలంలో ఆమె ఊరికే అలసిపోవడం మొదలుపెట్టింది. కడుపులో ఎడమవైపు బరువెక్కింది. ఏదైనా తగిలీ తగలకముందే ఒళ్ళు కమిలిపోయేది. నెత్తురు తక్కువైందని గల్లీ అంతా తీర్మానించి ఖర్జూరాలు, బెల్లం, దానిమ్మకాయలు మోసుకొచ్చింది. ఖైరున్నిసా పిన్ని మేక కార్జం మాట ఎత్తితే పెద్దమ్మ పకపకా నవ్వింది. “మెడల లింగం, కడుపుల కార్జమా? ఇగ శివుడు యాడ కూసుంటడే?”

చివరికి హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఓపికగా చెప్పాడు. ఇది తిండితో తీరే జబ్బు కాదు, నెత్తురు తయారయ్యే మూలుగలోనే తెల్ల కణాలు అదుపు లేకుండా పెరిగిపోతున్నాయి అన్నాడు. “జొన్నచేన్ల గడ్డి పెరిగినట్టు” అంది పెద్దమ్మ. అవునన్నాడు. “పీకరాదా మరి?” అంది. మాత్రలతో కొంతకాలం అణచగలం, వేళ్ళతో సహా తీసే మందు ఇంకా రాలేదమ్మా అన్నాడు. ఆమె కొంగు సర్దుకుంది. లేవబోతూ ఒక్కటే అడిగింది. “నా చెయ్యి తగిలితే ఎవరికన్న అంటుకుంటదా సారూ?”

“ఎవరికీ అంటదు. మీకు గాయం కాకుండా చూసుకోండి, చాలు.”

మాత్రలు పనిచేశాయి. మొహంలో కాస్త కళ వచ్చింది. మామిడికాయలూ వచ్చాయి. కానీ ఆమెను ఎవ్వరూ పిలవలేదు. కొందరికి జాలి, కొందరికి భయం. “పాపం, పానం బాగలేనామెను తిప్పలు పెట్టుడెందుకు” అంది మా అత్తమ్మ. కానీ పెద్దమ్మ మా ఇంట్లో నీళ్ళు తాగిన గ్లాసును అటకెక్కించింది ఆవిడే. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, ఆ ఇంటి నుంచీ ఈ ఇంటి నుంచీ వచ్చే ఘాటు పీలుస్తూ ఉండేది. నేను పక్కన కూర్చుంటే నెమ్మదిగా అంది, “మాత్రలున్నన్ని దినాలు బతుకుతనని డాక్టర్ చెప్పిండు. వీళ్ళు ముందుగాలనే సంపిన్రు.”

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. నేరుగా వెళ్ళి, డాక్టరు చెప్పిందంతా అత్తమ్మకూ ఖైరున్నిసా పిన్నికీ పూసగుచ్చినట్టు చెప్పాను. “నువ్వు చెవులార విన్నవా?” అని అత్తమ్మ రెట్టించి అడిగింది. ఖైరున్నిసా పిన్ని ఏమీ అడగలేదు. మరునాడు పొద్దున్నే బేసిను నిండా ముక్కలు తెచ్చి అరుగు మీద పెట్టింది. “లే అక్కా, జర చెయ్యి కడుక్కో. కత్తి మాది, చెయ్యి నీది. ఫికర్ చెయ్యకు.”

పెద్దమ్మ వేళ్ళ మీద గీతలేమైనా ఉన్నాయేమోనని నేను వెతికి చూశాను. ఆమె కలపడం మొదలుపెట్టింది. మధ్యలో ఆయాసమొస్తే నా భుజానికి ఆనుకుని, మళ్ళీ కలిపింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అత్తమ్మ లోపలికి పోయి మా బేసిను తెచ్చి పక్కన పెట్టింది. “గిది గూడ” అంది తల వంచుకుని. పెద్దమ్మ వేలితో రుచి చూసి, “ఉప్పు తక్కువనే ఏస్తవ్ ఎప్పటి లెక్క” అంది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

మళ్ళీ మామిడికాయలు రాకముందే, జొన్నకోతల రోజుల్లో, మాత్రలు పనిచేయడం మానేశాయి. పెద్దమ్మ పోయింది. దినాలు అయ్యాక అన్నం ముందు కూర్చున్నప్పుడు అత్తమ్మ జాడీ మూత తీసింది. ఇంకా సగం జాడీ మిగిలిన తొక్కు ఎర్రగా, అప్పుడే కలిపినట్టు ఉంది. వేడన్నంలో కలుపుకుంది కానీ ముద్ద నోటిదాకా పోలేదు. “మనిషి పోయింది, ఆమె చేతి తొక్కు ఇంక ఒడవలేదు” అంటూ అలాగే కూర్చుండిపోయింది. నేను ఇప్పటికీ మొదటి ముద్ద తొక్కుతోనే కలుపుకుంటాను.

నిన్న ముక్కలు కొట్టించాను. అమ్మ తొక్కు కలపొచ్చా అని సుజాత చేత వాళ్ళ డాక్టరును అడిగించి, ఆయన సరేనన్నాక బేసిను పట్టుకుని కిందికి వెళ్ళాను. మంచం మీదున్న సుజాత వాళ్ళమ్మ నన్ను చూసి లేవబోయి, “నాకిప్పుడు ఏమీ చేతకాదమ్మా” అంది.

“నా చెయ్యి ముసలిదైపోయింది, నూనె పట్టిందో లేదో తెలియడం లేదు. మీరు కాస్త కలిపిపెట్టండి” అన్నాను.

ఆమె కూతురి వైపు ఒకసారి చూసింది. తర్వాత గాజులు పైకి తోసుకుంది.