మావయ్యగారికి వడ్డించిన జెర్క్ చికెన్

ఒక్క సీసా మసాలాతో ఈ కివీల దేశంలోని హెండర్సన్‌లో మా వీధంతా దగ్గేలా చేసిన ఘనుణ్ణి నేను. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. తర్వాత నా మీద జాలిపడాల్సి వస్తుంది.

మా మావయ్యగారు గుంటూరు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చారు. వచ్చిన రోజు నుంచీ ఒకటే పాట: "అల్లుడుగారూ, కారమంటే మాదేనండీ. మీ వరంగల్ మిరపకాయకి రంగొక్కటే!" పెళ్లప్పటి నుంచీ భరిస్తున్నాను. ఈసారి తేల్చుకోవాల్సిందే.

ఆల్బనీ ఆఫీసులో నా పక్క సీటు డెల్‌రాయ్‌ది జమైకా. వాళ్లమ్మ నూరిన జెర్క్ మసాలా ఓ సీసా ఇచ్చి, "కిలో చికెన్‌కి రెండు స్పూన్లు చాలు. ఇందులో మా స్కాచ్ బానెట్ మిరపకాయలున్నాయి, జాగ్రత్త" అన్నాడు. రెండు స్పూన్లట! ఆవకాయ ఉత్తినే నాకే నాకు!

సీసా మొత్తం బోర్లించాను.

"ఏమండీ, ఆయన రెండు స్పూన్లన్నాడుగా?" అంది నా భార్య స్వప్న.

"అది కివీలకు చెప్పే లెక్క. మేం వరంగల్లోళ్లం, ఏం గాదు!"

రాత్రంతా నానబెట్టి, మర్నాడు పెరట్లో బార్బెక్యూ మీద పరిచాను. ముక్క వేడెక్కగానే లేచిందండీ పొగ! పోలీసులు వదిలే బాష్పవాయువుకు అది పెద్దన్న. కంచె అవతల పక్కింటి బ్రయన్ దగ్గుతూ, "మేట్, ఫైరింజన్‌ని పిలవనా?" అని అరిచాడు. వాళ్ల కుక్క అప్పటికే ఇంట్లోకి పరారైంది.

"వద్దు, వంట!" అన్నాను కళ్లు మూసుకునే.

వడ్డించాను. మావయ్యగారు మొదటి ముక్క కొరికారు. ముందు ముఖం ఎర్రబడింది, తర్వాత చెవులు, ఆ తర్వాత బట్టతల. నేనూ కొరికాను. నాలుక మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టుంది.

"ఎలా... ఉంది... మావయ్యగారూ?"

ఆయన కన్నీళ్లు కారుతుండగానే మీసం దువ్వారు. "పర్లేదండీ. కాస్త చప్పగా ఉంది."

మీరైతే అక్కడే చేతులెత్తేసేవాళ్లు. నేను ముక్కు తుడుచుకుని, "నాకూ అదే అనిపించింది. మా ఇంట్లో చంటిపిల్లలకు ఇలాగే చేస్తారు" అన్నాను.

ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటూ నమిలాం. మంచినీళ్ల జగ్గు ఇద్దరి మధ్యా ఉంది. ముట్టుకున్నవాడు ఓడినట్టే.

స్వప్న మమ్మల్ని కాసేపు చూసి లేచింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ నాన్నా! చప్పటి కూర ఎలా తింటారు?" అంటూ లోపలికెళ్లి, పచ్చిమిరపకాయలు తరిగి తెచ్చి, ఇద్దరి ప్లేట్లలోనూ ధారాళంగా చల్లింది. తను మాత్రం చల్లగా పెరుగన్నం కలుపుకుంది.

తిన్నాం. ఆఖరి ముక్క దాకా తిన్నాం.

అగ్నిసాక్షిగా, ఆ అగ్ని ఇంకా కడుపులో ఉండగానే ప్రమాణం చేశాను: జెర్క్ చికెన్ మానను, స్పూన్లు కొలవను, మావయ్యగారికి లొంగను. కానీ స్వప్న వినేలా 'చప్పగా ఉంది' అని మాత్రం ఈ జన్మలో అనను.