తెర అవతలి తలనొప్పి

ఆ రోజుల్లో అమెరికాలో, సన్నీవేల్‌లో ఉద్యోగం చేసే మా బోటివాళ్లకి వీసా భయం ఎంత మామూలో తలనొప్పీ అంతే మామూలు. మధ్యాహ్నం మీటింగు మొదలవగానే నా రెండు కణతలూ ఎవరో పట్టకారుతో బిగించినట్టుండేది. (శనివారాలు కూడా వదలకుండా మీటింగు పెట్టేది మా తెలుగు మేనేజరే. ప్రతి పనీ అర్జెంటే కనుక చాటున ఆయన్ని అర్జెంటుగారు అనేవాళ్లం. ఎదురుగా "ష్యూర్ సర్" అనేవాళ్లం. గ్రీన్‌కార్డు పని కదలాలంటే ఆయన ఊ అనాలి మరి.)

"గోలీలు మింగుడు బంద్ చెయ్‌రా బై. సూదులు గుచ్చి నా నడుం నొప్పి తగ్గించిన చైనీస్ డాక్టరమ్మ ఉన్నది, అపాయింట్‌మెంట్ బుక్ చేస్త," అన్నాడు మా వరంగల్ రూమ్మేటు.

డాక్టరమ్మ నాలుక చూసి, నాడి పట్టుకుంది. "నుదుటి నొప్పయితే కడుపుని చూస్తాం. మెడ వెనకయితే చలిగాలిని అనుమానిస్తాం. కణతలంటే మా వైద్యంలో లివర్ సంగతి. మింగేసిన కోపం వేడెక్కి తలకెక్కుతుంది. ఎవరి మీద కోపం?"

"ఎవరి మీదా లేదండీ," అన్నాను, వీసా ఆఫీసరు ముందు నిలబడ్డంత వినయంగా.

"మేనేజరు ఎలాంటివారు?" నా నాడి ఏం చెప్పిందో గాని, ఆమె నవ్వి ఇంకో సూది తీసింది.

చేతులకీ, పాదాలకీ, కణతలకీ సూదులతో ముళ్లపందిలా పడుకున్నాను. ఆమె పక్క తెర వెనక్కి వెళ్లి అక్కడి పేషెంటునీ "ఎవరి మీద కోపం?" అనే అడిగింది. జవాబిచ్చిన గొంతు అర్జెంటుగారిది!

"టీమ్‌లో ఒకడున్నాడు డాక్టర్. ఏం చెప్పినా ష్యూర్ సర్ అంటాడు, పని మాత్రం కాదు. వాడి ష్యూర్ వినగానే నొప్పి మొదలు."

పారిపోదామంటే ఒళ్లంతా సూదులు. అప్పుడే తుమ్మొచ్చింది. "బ్లెస్ యూ," అంది డాక్టరమ్మ. "థాంక్యూ," అనేశాను అలవాటు కొద్దీ. తెర అవతల మాట ఆగిపోయింది. నేను మనసులోనే సూట్‌కేసు సర్దేసుకున్నాను.

మర్నాడు ఆఫీసు కిచెన్‌లో ఆమె ఇచ్చిన మూలికల కషాయం వేడి చేసుకుంటుంటే ఆయనా అలాంటి సీసాతోనే వచ్చారు. ఆయన మైక్రోవేవ్ పక్కనున్న నా సీసా వంక చూశారు.

"నీదీ లివరేనా?"

"అవును సర్."

"శనివారం మీటింగులు ఆపెయ్యమంది నన్ను డాక్టర్. ఆపేస్తున్నా. నువ్వు కూడా, కుదరనిది కుదరదని చెప్పవయ్యా బాబూ!"

నొప్పి తగ్గింది. సూదుల వల్లో, శనివారాల వల్లో నాకిప్పటికీ తెలియదు. మేనేజర్లకీ తల ఉంటుందనీ, అదీ నొస్తుందనీ అప్పటిదాకా తట్టని ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. ముక్కు మూసుకుని, ఆయనతో పోటీపడి ఆ కషాయం గటగటా తాగేశాడు పిచ్చి సన్నాసి!